సన్నగొట్టం చెప్పిన సంగతి

"సార్, పాత హిందీ సినిమాల్లో క్లబ్బు పాట వచ్చినప్పుడు వెనకాల కోట్లు తొడుక్కుని కొందరు వాయిస్తూ ఉంటారు కదా! అందులో ఒకాయన పొడుగాటి ఇత్తడి గొట్టాన్ని ముందుకీ వెనక్కీ తెగ లాగుతుంటాడు. అది నిజంగా వాయించడమేనా, లేక డైరెక్టరు గారు చెయ్యమన్న యాక్షనా? మా ఫ్రెండుతో పందెం కాశాను. త్వరగా చెప్పండి."

తణుకు నుంచి ఓ కుర్రాడి ఉత్తరం ఇది. పందెం ఎంతో మాత్రం రాయలేదు, గడుసువాడు!

బాబూ, సగం నువ్వు గెలిచావు, సగం నీ ఫ్రెండు గెలిచాడు. ఆ వాద్యం పేరు ట్రాంబోన్. లాగడం నిజమే. లాగితేనే స్వరం మారుతుంది. కాకపోతే తెర మీద లాగేవాడు ఒకడు, పాటలో పలికేవాడు ఇంకొకడు కావచ్చు. మన హీరోయిన్ వీణ ముందు కూర్చుని వేళ్లు కదిపితే ఆ నాదం ఆవిడదే అనుకుంటామా? ఇదీ అంతే. హాలీవుడ్డు వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా! 1954లో వచ్చిన 'ది గ్లెన్ మిల్లర్ స్టోరీ'లో జేమ్స్ స్టీవార్ట్ ట్రాంబోన్ వాద్యకారుడి వేషం వేశాడు. ఏ స్వరానికి చెయ్యి ఎక్కడుండాలో నేర్చుకుని చక్కగానే లాగాడు. సినిమాలో పలికింది మాత్రం వేరేవాళ్ల ట్రాంబోన్.

ఇంతటితో జవాబు సరి. ఇంకో ఉత్తరం తియ్యొచ్చు. కానీ ఈ ప్రశ్న చదివిన దగ్గర్నించీ నాకు క్లీవ్‌లాండ్‌లో గడిపిన ఒక శనివారం బుర్రలో తిరుగుతోంది. అందుకని ఈ వారం పేజీ అంతా దానికే ఇచ్చేస్తున్నాను. మిగతా ఉత్తరాల వాళ్లు ఏమనుకోకండి, మీ వంతు వచ్చేవారం.

* * *

క్లీవ్‌లాండ్ అంటే అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఊరు. సంగీతం పిచ్చి ఉన్న మనవాళ్లకి ఆ పేరు కొత్త కాదు. 1978లో అక్కడ మొదలైన త్యాగరాజ ఆరాధన ఏటా ఈస్టర్ రోజుల్లో పెద్ద ఉత్సవంగా జరుగుతుంది. కొన్నేళ్ల కిందట నేనూ వెళ్లాను. మా మేనల్లుడు ఆ ఊళ్లోనే కాపురం. ఏప్రిల్ నెల కదా అని పల్చటి స్వెట్టరుతో దిగాను. దిగిన రోజే మంచు కురిసింది. అది వేరే కథ.

ఇంట్లో అడుగు పెట్టానో లేదో, మేడమీద గదిలోంచి ఏనుగు ఘీంకరించినట్టు ఒక శబ్దం.

"కంగారు పడకు మావయ్యా, నీ మనవడే! స్కూలు బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తున్నాడు" అన్నాడు మా మేనల్లుడు నా సూట్‌కేసు అందుకుంటూ.

పైకి వెళ్లి చూద్దును కదా, మంచం మీద ఒకటి కాదు, రెండు ట్రాంబోన్లు! ఒకటి పెద్దది, పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. వెనకాల అదనంగా ఒక చుట్ట గొట్టం, బొటనవేలితో నొక్కే మీట కూడా ఉన్నాయి. అది స్కూలు వాళ్లు వాడుకోమని ఇచ్చింది. రెండోది చిన్నది. లక్కర్ పూత అక్కడక్కడా లేచిపోయింది. ఎవరి చెయ్యో ఏళ్ల తరబడి పట్టుకున్న చోట ఇత్తడి నల్లబడింది. మూతి మీద చెక్కిన అక్షరాలు అరిగిపోయినా చదవడానికి వస్తున్నాయి: కింగ్.

"ఈ చిన్నది శనివారం అమ్మేస్తున్నాం తాతయ్యా" అన్నాడు వాడు. పదహారేళ్లు. మీసకట్టు ఇప్పుడిప్పుడే వస్తోంది.

"ఎందుకురా?"

"కన్సర్ట్ బ్యాండుకి పెద్దదే ఉండాలని మా బ్యాండు మాస్టారు అన్నారు. స్కూలుది ఎంతో కాలం ఉంచుకోనివ్వరు. ఇది అమ్మిన డబ్బుకి ఇంకొంత వేసి నాన్న కొత్తది కొంటానన్నారు."

"మరి నీకు ఇష్టమేనా?"

భుజాలు ఎగరేశాడు. జవాబు చెప్పలేదు. ఒక మెత్తటి గుడ్డ తీసి ఆ చిన్నదాన్ని తుడవడం మొదలుపెట్టాడు. మూతి అంచు నుంచి మెల్లగా, పసిపిల్లకి తల తుడిచినట్టు. అమ్మేసే వస్తువుని ఎవడూ అలా తుడవడండీ!

నాకు ఇత్తడి వాద్యాల గురించి తెలిసింది అంతంతమాత్రం. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఓ మూల కూర్చుని విన్నదే నా చదువు. అందుకని వాణ్ణే గురువు చేసుకున్నాను. "ఈ రెంటికీ తేడా ఏమిట్రా, నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాను.

* * *

తేడా అంతా బోరులో ఉందిట.

బోరు అంటే మీరు ఇంటర్వెల్లో వాడే మాట కాదు. పొలంలో వేసే బోరుకి చుట్టం. గొట్టం లోపలి వెడల్పు అన్నమాట. ట్రాంబోన్‌కి స్లైడు అని ఒక జారుడు గొట్టం ఉంటుంది. దాని లోపలి గొట్టం ఎంత వెడల్పుగా ఉందో అదే ఆ వాద్యం బోరు. అమెరికాలో పెద్ద సింఫనీ వాద్యగోష్ఠుల్లో వాడే ట్రాంబోన్‌కి అది 0.547 అంగుళం. మావాడి చేతిలో ఉన్న పాతదాని పేరు కింగ్ 2బి. దాని స్లైడులో పై కాలు 0.481 అంగుళం, కింది కాలు 0.491.

"ఓస్, ఇంతేనా! ఒకటిన్నర మిల్లీమీటరు తేడా!" అన్నాను.

"వైశాల్యం లెక్క కట్టు తాతయ్యా" అన్నాడు వాడు నవ్వుతూ. కట్టాను. పెద్ద గొట్టంలో గాలి పోయే దారి పాతిక శాతం దాకా ఎక్కువ. అంటే ఊదేవాడు అంత గాలీ నింపాలి. మూతి సంగతి చూస్తే, చిన్నదానికి 7 అంగుళాల పైన మూడు ఎనిమిదోవంతులు, పెద్దదానికి మామూలుగా ఎనిమిదిన్నర అంగుళాలు.

మరి సన్నగొట్టంతో ఏమిటి లాభం? వాడు చెప్పినవీ, తర్వాత నేను అడిగి తెలుసుకున్నవీ కలిపి చెబుతాను, వినండి.

ఒకటి, తక్కువ గాలితో పలుకుతుంది. పెదవి కదిపీ కదపకముందే మాట వినేస్తుంది. జాజ్‌లో గబగబా స్వరాలు కురిపించే వాడికి ఇది వరం. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి ఒంటిగంట దాకా డ్యాన్సు హాల్లో వాయించే వాడికి ఇంకా పెద్ద వరం. వాడికి ఉన్నవీ రెండు ఊపిరితిత్తులే కదా!

రెండు, ఆ మెరుపు. గట్టిగా ఊదిన కొద్దీ గొట్టంలో నడిచే ధ్వని తరంగం ముందువైపు నిటారుగా నిక్కుతుంది, ఒడ్డు దగ్గర విరగబోయే ముందు కెరటం లేచినట్టు. ఇత్తడి వాద్యానికి ఆ ఝళ్లుమనే తళుకు వచ్చేది అలా నిక్కినప్పుడే. సన్నగొట్టంలో అంతే చప్పుడుకి లోపలి ఒత్తిడి ఎక్కువ. కాబట్టి తళుకు ముందే వస్తుంది. పక్కన డ్రమ్స్, నాలుగు ట్రంపెట్లు, అయిదు శాక్సోఫోన్లు హోరెత్తిస్తున్నా దాని గొంతు చీల్చుకుని వినిపిస్తుంది.

మూడు, పైస్థాయి. తారస్థాయిలో అది అరవదు, పాడుతుంది.

నష్టాలు లేవా అంటే ఉన్నాయి. ఒళ్లు మరిచి ఊదితే గొంతు బీటలు వారుతుంది. మంద్రంలో నిండుతనం తక్కువ. వెనక ఆ చుట్ట గొట్టం లేదు కనక అడుగున కొన్ని స్వరాలు అసలు పలకవు. నలభై మంది కలిసి ఒకే గొంతుగా మోగాల్సిన చోట ఇది ఒక్కటీ మెరుస్తూ బయట పడిపోతుంది. కనక ఆ బ్యాండు మాస్టారు చెప్పింది తప్పు కాదు. ఆయన బ్యాండుకి కావలసింది ఆయన అడిగాడు.

అసలు ట్రాంబోన్‌లో నాకు నచ్చింది ఇంకోటి ఉంది. దానికి వీణలాగా మెట్లు లేవు, వేణువులాగా రంధ్రాలు లేవు. తొమ్మిది అడుగుల గొట్టం, అందులో చెయ్యి ఆగవలసిన చోట్లు ఏడు. ఆ ఏడూ గొట్టం మీద గీసి ఉండవు, చెవిలో ఉండాలి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారాలంటే మధ్యలో గోడలు లేవు. మన సంగీతంలో 'జారు' అని ఒక గమకం ఉంది చూశారూ, అది పడమటి ఇత్తడి వాద్యాల్లో దీనికి పుట్టుకతోనే వచ్చింది. పొద్దున ఉత్సవంలో గమకాలు విని, మధ్యాహ్నం మనవడి గదిలో ఈ జారుడు వింటుంటే నాకు రెండు ఊళ్లు తిరిగినట్టే అనిపించలేదు.

మన సినిమాల్లో ఈ జారుడుని ఎక్కువగా దేనికి వాడుకున్నారో తెలుసుగా! కమెడియన్ అరటితొక్క మీద కాలు వేస్తే 'బ్వా...' అని వినిపిస్తుందే, అందుకు. పాపం, పాడగలిగిన గొంతుతో ఎక్కిళ్లు పెట్టించాం.

* * *

తమాషా ఏమిటంటే, ఆ కింగ్ ట్రాంబోన్ పుట్టిల్లు కూడా క్లీవ్‌లాండే!

హెండర్సన్ వైట్ అనే ఆయన 1893లో ఆ ఊళ్లో హెచ్.ఎన్.వైట్ కంపెనీ పెట్టాడు. తొలి ట్రాంబోన్ తయారీలో ఆయనకి సాయపడ్డ స్థానిక వాద్యకారుడు థామస్ కింగ్. అందుకే ఆ వాద్యాలకి కింగ్ అని పేరు. రాజు అనుకునేరు, ఇంటిపేరు! 1940లో వైట్ పోయాక ఆయన భార్య ఎడ్నా వైట్ కంపెనీని పాతికేళ్లు నడిపి 1965లో అమ్మింది. తర్వాత ఫ్యాక్టరీ పక్కనున్న ఈస్ట్‌లేక్‌కి మారింది. మావాడి వాద్యం మీద నంబరు చూసి, అది 1950ల్లో తయారైందని తేల్చారట. అంటే ఎడ్నా గారి హయాములోది. ఇలాంటి సన్నగొట్టాలు చేసిన కంపెనీలు ఇంకా ఉన్నాయి. ఇండియానా రాష్ట్రం ఎల్కార్ట్‌లో కాన్ కంపెనీ చేసిన 6హెచ్ అర అంగుళం బోరుది. దానికీ ప్రాణం పెట్టేవాళ్లు ఉన్నారు.

ఇక ఈ కింగ్ 2బిని పెదవులకి ఆనించిన వాళ్లలో మీకు చెప్పవలసిన పేరు టామీ డోర్సీ. 1905లో పుట్టాడు, 1956లో పోయాడు. 1930లు, 40లలో అమెరికా కుర్రకారుని ఆడించిన బ్యాండు నాయకుల్లో ఒకడు. ఆయన బ్యాండు చేసిందంతా ఒక ఎత్తు, ఆయన ఒక్కడూ నిలబడి మెల్లటి ప్రేమగీతం వాయిస్తే అది ఒక ఎత్తు. 'ఐయామ్ గెట్టింగ్ సెంటిమెంటల్ ఓవర్ యూ' ఆయన బ్యాండుకి గుర్తుపాట. అందులో ఆయన ట్రాంబోన్ వింటే ఊపిరి ఎక్కడ పీల్చాడో దొరకదు. తైలధార అంటారే, అలా సాగుతుంది.

ఆ ఊపిరి రహస్యం పట్టుకోవాలని ఆయన వీపు వంక కన్నార్పకుండా చూస్తూ కూర్చున్న ఒక బక్కపల్చని కుర్రాడు ఉండేవాడు. 1940లో ఆ బ్యాండులో పాటగాడిగా చేరాడు. ఎంత చూసినా డోర్సీ కోటు కదిలేది కాదట. పెదవుల మూలలో సన్నటి సందు చేసుకుని, వాద్యం తియ్యకుండానే గాలి పీల్చేవాడని ఆ కుర్రాడు కనిపెట్టాడు. తను కూడా అలా పాడాలని ఈత కొట్టాడు, నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టాడు, పరుగులు తీశాడు. రెండేళ్ల తర్వాత బ్యాండు వదిలి బయటికి వచ్చేసరికి, రెండు మూడు వాక్యాలు ఒక్క ఊపిరిలో కలిపి పాడే గొంతు తయారైంది. ఆ కుర్రాడి పేరు ఫ్రాంక్ సినాట్రా! 'ఫ్రం హియర్ టు ఎటర్నిటీ' (1953)లో నటించి ఆస్కార్ కూడా కొట్టేసిన సినాట్రాయే. ఆయన వెండితెర మీద మొదట కనిపించిన పెద్ద చిత్రం 'లాస్ వెగాస్ నైట్స్' (1941). అందులోనూ డోర్సీ బ్యాండుతోటే.

అదండీ సంగతి! వాద్యం గాయకుణ్ణి అనుకరిస్తుందని మనం అంటాం. ఇక్కడ గాయకుడే వాద్యం దగ్గర పాట నేర్చుకున్నాడు.

రెండో పేరు జె.జె.జాన్సన్ (1924-2001). ఈయనది అదే కంపెనీ 3బి, బోరు 0.508. డోర్సీ దానికంటే కాస్త పెద్దది, సింఫనీదాని కంటే బాగా చిన్నది. 1940ల్లో బీబాప్ అని కొత్తరకం జాజ్ వచ్చింది. అందులో శాక్సోఫోన్, ట్రంపెట్ మెరుపు వేగంతో పరిగెడుతుంటే, లాగుడు గొట్టంతో ఆ వేగం అందుకోవడం అసాధ్యం అనుకున్నారంతా. జాన్సన్ అందుకున్నాడు. విన్నవాళ్లు 'ఇది స్లైడు కాదు, మీటలు నొక్కే ట్రాంబోన్' అని వాదించేవారట. అంతటివాడు కూడా 1952 నుంచి రెండేళ్లు పని దొరక్క ఒక ఫ్యాక్టరీలో బ్లూప్రింట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. మళ్లీ నిలదొక్కుకున్నాడు. 1970లో కాలిఫోర్నియా చేరి సినిమాలకి సంగీతం కట్టాడు. 'అక్రాస్ 110త్ స్ట్రీట్' (1972), 'క్లియోపాత్రా జోన్స్' (1973) చిత్రాలు మీలో ఎవరైనా చూసి ఉంటే, ఆ నేపథ్య సంగీతం వెనక ఉన్నది ఈ ట్రాంబోన్ మనిషే.

* * *

మళ్లీ మావాడి గదికి వద్దాం.

"రెండూ వాయించు, వింటాను" అన్నాను.

పెద్దది ముందు. నిజం చెప్పాలి, బాగుంది. గుడిగంటలా గుండ్రంగా, గది నాలుగు మూలలా నిండింది. కానీ వాక్యం చివరికి వచ్చేసరికి వాడి మొహం ఎర్రబడింది, భుజాలు లేచాయి. బరువు మోసేవాడిలా ఉన్నాడు.

తర్వాత చిన్నది. మెల్లటి పాట ఒకటి ఎత్తుకున్నాడు. మొదటి స్వరానికే నేను కుర్చీలో ముందుకి జరిగాను. శబ్దం పెద్దదేమీ కాదు. కానీ ఎవరో మనిషి పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంది. వాడి భుజాలు దిగి ఉన్నాయి, కళ్లు మూసుకున్నాడు. స్లైడు లాగుతున్నట్టు లేదు, ఊరికే గాల్లో చెయ్యి ఊపుతున్నట్టు ఉంది. పెద్దది వాయించినప్పుడు నేను ట్రాంబోన్ విన్నాను. ఇది వాయించినప్పుడు మా మనవణ్ణి విన్నాను.

"పాత ఇత్తడిలో ఏదో మహిమ ఉందంటార్రా?" అని అడిగాను.

"అంటారు తాతయ్యా. నాకు నమ్మకం లేదు. అప్పుడు చేసినవాటిలో చచ్చువి ఎప్పుడో తుక్కులోకి పోయి ఉంటాయి. బాగున్నవే జనం దాచుకున్నారు. అందుకే పాతవన్నీ బాగున్నట్టు అనిపిస్తాయి" అన్నాడు. పదహారేళ్లకే ఎంత తెలివండీ! మన పాతపాటల గురించి కూడా ఇదే మాట అనొచ్చు కదా అనిపించింది. పైకి అనలేదు, మీ నాన్నగార్లు కొడతారు.

పాతది కొనేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్పాడు. అన్నిటికంటే ముందు స్లైడు. లోపలి గొట్టాల కొసలు మాత్రం వెంట్రుకవాసి లావుగా ఉంటాయి, వాటికి మేజోళ్లని పేరు. బయటి గొట్టంతో రాసుకునేది ఆ కొసలే. అక్కడ పూత అరిగిందా, గొట్టానికి సొట్ట పడిందా, రెండు కాళ్లూ సమానంగా ఉన్నాయా అన్నవి చూడాలి. మూతి మీద సొట్ట ఉంటే కంటికే బాధ, స్లైడులో సొట్ట ఉంటే ప్రాణానికి బాధ. ఇంకోటి ఎర్ర తెగులు. ఇత్తడిలో జింకు పోయి రాగి మిగిలి గులాబీరంగు మచ్చలు పడతాయి. లోపల్నుంచి మొదలయ్యే రోగం అది.

చెబుతున్నంతసేపూ వాడి మొహం వెలిగిపోతోంది. చెప్పడం అయ్యాక గుర్తొచ్చింది కాబోలు, శనివారం సంగతి. మళ్లీ గుడ్డ అందుకున్నాడు.

* * *

ఆ రాత్రి నాకు మద్రాసులో ఒక మనిషి గుర్తొచ్చాడు.

పేరు రాయను. రాసినా మీకు తెలియదు. తెలుగు సినిమా టైటిల్స్‌లో వాద్యగోష్ఠి వాళ్ల పేర్లు వేసే అలవాటు మనకి ఉంటేగా! పూర్వులు గోవా నుంచి వచ్చారని చెప్పేవాడు. కోడంబాకం తెలుగు మాట్లాడేవాడు. నేను కుర్ర విలేకరిగా థియేటర్ల చుట్టూ తిరిగే రోజుల్లో ఆయన దగ్గర ఒక సన్నటి పాత ట్రాంబోన్ ఉండేది. ఏ కంపెనీదో అడగాలని నాకు అప్పుడు తట్టలేదు. ఫైటింగు సీన్లకీ, క్లబ్బు పాటలకీ, ఆ 'బ్వా...'కీ ఆయన్ని పిలిచేవారు. టీ విరామంలో మాత్రం అందరూ బయటికి వెళ్లాక ఒక్కడే కూర్చుని ఏదో మెల్లటి పాట వాయించుకునేవాడు. గుమ్మంలో నిలబడి టీ చల్లారబెట్టుకున్న రోజులు నాకు ఉన్నాయి.

1980లు ముగిసేసరికి కీబోర్డులు వచ్చిపడ్డాయి. మీట నొక్కితే ట్రంపెట్, మీట నొక్కితే ట్రాంబోన్. ఆయనకి పిలుపులు తగ్గాయి. ఇంట్లో పెళ్లి ఖర్చు. ఆ సన్నగొట్టాన్ని ఒక పెళ్లి బ్యాండుమేళం వాళ్లకి అమ్మేశాడు.

చాలా ఏళ్ల తర్వాత వాళ్లింటికి వెళ్లాను. రేడియోలో ఏదో పాత పాట వస్తోంది. ఆయన నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. కుడిచెయ్యి మాత్రం మోకాలి మీద ముందుకీ వెనక్కీ మెల్లగా జరుగుతోంది. నేను చూశానని గమనించి చెయ్యి ఆపేశాడు.

"డబ్బు మూణ్ణెల్లకి అయిపోయింది బ్రదర్. చెయ్యి ఇంకా వెతుక్కుంటానే ఉంది" అన్నాడు.

పొద్దున్నే కాఫీ దగ్గర మా మేనల్లుడికి ఈ సంగతి చెప్పాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. పిల్లాడు వాడివాడు, డబ్బు వాడిది. పెద్దరికం ఉంది కదా అని ప్రతిదాంట్లో తల దూర్చకూడదు. వాడు విని, "రెండు ట్రాంబోన్లు పెట్టుకునేంత అవసరం ఉందంటావా మావయ్యా?" అన్నాడు. "నాకేం తెలుసురా, నువ్వెప్పుడైనా వాడి గది గుమ్మంలో నిలబడి విన్నావా?" అన్నాను. జవాబు లేదు. ఆఫీసుకి టైమైందని లేచిపోయాడు.

* * *

శనివారం వచ్చింది. కొనేవాడూ వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, నెత్తిన పాత టోపీ. కుర్రతనంలో డ్యాన్సు హాళ్లలో వాయించేవాడట. పెట్టె తెరిచి వాద్యాన్ని చూడగానే ఆయన మొహంలో ఒక వెలుగు. అద్దాలు పైకి తోసుకుని మేజోళ్లు చూశాడు, మూతి లోపల వేలు పెట్టి తడిమాడు. స్లైడుని నిలువుగా పట్టుకుని, కింద అరచెయ్యి అడ్డం పెట్టి వదిలాడు. నీళ్లలోకి గులకరాయి దిగినట్టు జారింది.

"ఎవరు చూసుకుంటున్నారు దీన్ని?" అని అడిగాడు. మావాడు చెయ్యెత్తాడు.

"అయితే నువ్వే వాయించు. నేను దూరం నుంచి వింటాను."

మావాడు వాయించాడు. మొన్న నాకు వినిపించిన ఆ మెల్లటి పాటే. ఒకచోట తప్పు పలికింది కూడా. సర్దుకుని ముందుకి పోయాడు. మా మేనల్లుడు వంటింటి గుమ్మంలో కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. తాగలేదు. పాట అయిపోయింది. ఎవరూ మాట్లాడలేదు.

పెద్దాయన జేబులోంచి కవరు తీశాడు. దానివంక చూశాడు, మా మేనల్లుడి వంక చూశాడు.

"నాకు ఇది కావాలి. అబద్ధం ఎందుకు, చాలా కావాలి. కానీ మీరు ఇంకోసారి ఆలోచించుకుంటే మంచిది" అన్నాడు.

"ఆలోచించుకున్నాను. క్షమించండి, ఇది అమ్మకానికి లేదు" అన్నాడు మా మేనల్లుడు.

సినిమాలో అయితే ఇక్కడ కుర్రాడు పరిగెత్తుకొచ్చి తండ్రిని కౌగిలించుకోవాలి, వెనకాల వయొలిన్లు మోగాలి. మావాడు అలాంటిదేమీ చెయ్యలేదు. తల దించుకుని, గుడ్డ తీసి, మూతి అంచు నుంచి తుడవడం మొదలెట్టాడు.

తండ్రి షరతులు మాత్రం పెట్టాడు లెండి. పెద్దదానికి డబ్బులో సగం వాడే సంపాదించుకోవాలి, ఎండాకాలంలో గడ్డి కోసి, చలికాలంలో వాకిళ్ల ముందు మంచు ఎత్తిపోసి. అంతదాకా స్కూలు వాళ్లని బతిమాలి వాళ్లదే వాడుకోవాలి. కన్సర్ట్ బ్యాండుకి పెద్దది, జాజ్ బ్యాండుకి చిన్నది. మావాడు ఒప్పుకున్నాడు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ టెలిఫోను నంబరు రాసిన చీటీ పెట్టెలో పెట్టాడు. "ఎప్పుడైనా అమ్మాలనిపిస్తే ముందు నాకే చెప్పాలి" అని ఒట్టు వేయించుకున్నాడు. మెట్లు దిగి, మళ్లీ వెనక్కి వచ్చి, "ఆ మధ్యలో తప్పావు చూడు, అక్కడ స్లైడుతో తొందరపడకు. ఊపిరి ముందు పోవాలి, చెయ్యి వెనకాల రావాలి" అని చెప్పి మరీ వెళ్లాడు.

* * *

ఇప్పుడు తణుకు తమ్ముడూ, నీకు చెప్పేది ఏమిటంటే...

ఈసారి ఆ క్లబ్బు పాట చూసినప్పుడు ముందు నాట్యం చేసే అమ్మాయిని ఎలాగూ చూస్తావు, వద్దన్నా వినవు. ఒక్కసారి కళ్లు మూసుకుని వెనకాల ఆ గొట్టాన్ని కూడా విను. దాన్ని పలికించిన మనిషికి పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, ఇంటి అద్దె ఉంటుంది. తెర మీద ఆ పేరు పడదు.

ఇంకోమాట. పెద్దది గొప్ప, చిన్నది తక్కువ అని లోకం ఎప్పుడూ అంటూనే ఉంటుంది. పెద్ద హాలు, పెద్ద తెర, పెద్ద సౌండు. అవసరమైన చోట అవీ ఉండాలి. కానీ ఏది పట్టుకుంటే నీ భుజాలు దిగి, కళ్లు మూతపడి, నీ గొంతు నీకే వినిపిస్తుందో, దాన్ని మాత్రం ఎవరో చెప్పారని తొందరపడి అమ్ముకోకు. అది ట్రాంబోనే కానక్కర్లేదు.

పందెం డబ్బులు ఇద్దరూ సగం సగం పంచుకోండి. లేదా ఆ డబ్బుతో ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్లండి. అన్నట్టు, ఈసారి ఉత్తరం రాసేటప్పుడు పందెం ఎంతో కూడా రాయి నాయనా!